బ్రేక్ ప్యాడ్ వేర్ సెన్సార్: ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ చిన్న వైరును ఏం చేయాలి?

ఫోన్ కొని ఏడాది దాటితే చాలు, బ్యాటరీ హెల్త్ ఎంత శాతం ఉందో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసుకుంటాం. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో చూపించే యాప్స్ కూడా ఉన్నాయి. మరి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్న కారును ఆపే బ్రేక్ ప్యాడ్ ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో ఎప్పుడైనా చూశారా? చాలామంది చూడరు. డ్యాష్‌బోర్డు మీద లైట్ వస్తే చూద్దాంలే అనుకుంటారు.

ఆ లైట్ వెనకాల ఉండేదే బ్రేక్ ప్యాడ్ వేర్ సెన్సార్. ఒక వైరు, దాని చివర ఒక ప్లాస్టిక్ ముక్క, అంతే. చిప్ లేదు, బ్లూటూత్ లేదు. అయినా ప్యాడ్లు మార్చేటప్పుడు ఎక్కువ గందరగోళం దీని దగ్గరే వస్తుంది. కొత్తది వేయాలా? పాతదే మళ్లీ పెట్టొచ్చా? వైర్లు రెండూ కలిపేస్తే ఏమవుతుంది? అన్నీ మార్చినా లైట్ ఎందుకు ఆరలేదు? ఈ ఆర్టికల్‌లో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందే ఒక మాట. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, మెకానిక్‌ని కాదు. ఇంట్లో ఉన్న కార్లకు ప్యాడ్లు మార్చేటప్పుడు పక్కన కూర్చుని, మల్టీమీటర్ పట్టుకుని నేర్చుకున్నదే ఇది. మీరు మొదటిసారి చేస్తుంటే తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకునే చేయండి. ఫోన్ స్క్రీన్ తప్పుగా బిగిస్తే మళ్లీ విప్పొచ్చు, బ్రేక్‌కు ఆ రెండో చాన్స్ ఉండకపోవచ్చు.

గ్యాడ్జెట్ సైట్‌లో బ్రేకుల గోల ఎందుకు?

మాది చంద్రగిరి. ఒకవైపు వెళ్తే తిరుమల ఘాట్, పీలేరు, మదనపల్లె వైపు వెళ్తే భాకరాపేట ఘాట్. ఇంటికి చుట్టాలు వస్తే కొండకు తీసుకెళ్లడం మామూలే. కాబట్టి మా దగ్గర బ్రేకులు ట్రాఫిక్‌లో కంటే కొండ దిగేటప్పుడే ఎక్కువ కష్టపడతాయి. ఎంత కష్టపడతాయో ఒక చిన్న లెక్క వేద్దాం.

తిరుమల కొండ దిగడానికి ఇప్పుడు వాడేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు. ఎక్కడానికి వాడేది 1974లో వచ్చిన రెండో రోడ్డు. తిరుమలకూ కింద అలిపిరికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఐదుగురు కూర్చున్న ఒక హ్యాచ్‌బ్యాక్ బరువు 1200 కిలోలు అనుకోండి. ఇంటర్‌లో చదివిన ఎం జీ హెచ్ ఫార్ములా పెడితే 1200 × 9.8 × 700, అంటే సుమారు 82 లక్షల జౌళ్లు. కరెంట్ బిల్లు భాషలో దాదాపు 2.3 యూనిట్లు. మన భాషలో చెప్పాలంటే 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు సుమారు 120 ఫుల్ చార్జ్ చేసేంత ఎనర్జీ!

దిగేలోపు ఈ ఎనర్జీ అంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొంత గాలికి, కొంత టైర్లకు పోతుంది. తక్కువ గేర్‌లో దిగితే ఇంజిన్ మంచి వాటానే తీసుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే మాత్రం దాదాపు మొత్తం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ పెట్టిన నిబంధన వెనక ఉన్న ఫిజిక్స్ కూడా ఇదే. 40 నిమిషాల్లో దిగితే ఆ ఎనర్జీ సగటున 3.4 కిలోవాట్ల చొప్పున బయటికి పోతుంది. అంటే మూడు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా కాలుతున్నట్టు. అదే 20 నిమిషాల్లో దిగితే 6.9 కిలోవాట్లు. డిస్క్ చల్లారడానికి టైమ్ ఉండదు.

ఇక్కడే ప్యాడ్ మందం ముఖ్యం. ప్యాడ్ మీద ఉండే మెటీరియల్ రాపిడి కోసమే కాదు, వేడికి అడ్డుగోడలా కూడా పనిచేస్తుంది. అది అరిగిపోతే డిస్క్ వేడి త్వరగా వెనకున్న పిస్టన్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఫ్లూయిడ్‌కు చేరుతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకుని పాతబడ్డాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఫ్లూయిడ్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కాబట్టి "ప్యాడ్ ఇంకా కొంచెం ఉందిలే" అనే మాట సిటీలో ఒక అర్థం, ఘాట్‌లో ఇంకో అర్థం.

సెన్సార్లలో రకాలు

1. అరిచే రేకు. దీన్ని స్క్వీలర్ అంటారు. ప్యాడ్‌కు చిన్న ఇనుప రేకు బిగించి ఉంటుంది. ప్యాడ్ 2 లేదా 3 మిల్లీమీటర్లకు రాగానే ఆ రేకు డిస్క్‌ను తాకి కీచుమని అరుస్తుంది. వైరు లేదు, లైట్ లేదు. మన దగ్గర తిరిగే బడ్జెట్ కార్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది, కొన్ని ప్యాడ్లకు ఇది కూడా ఉండదు. అద్దాలు ఎక్కించి, పాటలు పెట్టుకుని తిరిగితే ఈ సెన్సార్ ఉన్నా లేనట్టే.

2. లూప్ టైప్. సెన్సార్ చివర ప్లాస్టిక్ ముక్కలో వైరు యూ ఆకారంలో తిరిగి ఉంటుంది. కారు కంప్యూటర్ ఆ వైరులో చిన్న కరెంట్ పంపి చూస్తుంటుంది. ప్యాడ్‌తోపాటు ప్లాస్టిక్ కూడా అరుగుతూ పోయి, ఒక రోజు డిస్క్ ఆ వైరును కోసేస్తుంది. సర్క్యూట్ తెగింది, లైట్ వెలిగింది.

3. గ్రౌండ్ టైప్. ఇందులో ఒకటే వైరు. ప్యాడ్ అరిగాక వైరు కొన డిస్క్‌ను తాకుతుంది. డిస్క్ ఇనుము, కారు బాడీకి కలిసే ఉంటుంది. కాబట్టి సర్క్యూట్ పూర్తయి లైట్ వస్తుంది. చాలా మెర్సిడెస్ కార్లలో కనిపించే పద్ధతి ఇది.

4. రెండు స్టేజ్‌ల టైప్. బీఎండబ్ల్యూ లాంటి కార్లలో ఉంటుంది. రెండు వేర్వేరు లోతుల్లో రెండు లూపులు, మధ్యలో ఒక రెసిస్టర్. మొదటి లూప్ తెగితే రెసిస్టెన్స్ మారుతుంది. అప్పటిదాకా తిరిగిన కిలోమీటర్లను బట్టి ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో కంప్యూటర్ అంచనా వేసి స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ నంబర్ చూసి "లోపల మిల్లీమీటర్లు కొలిచే సెన్సార్ ఉంది" అనుకోకండి. అది లెక్క వేసి చెప్పిన నంబర్, కొలిచి చెప్పిన నంబర్ కాదు.

2, 3 రకాల మధ్య తేడా కోడ్ రాసేవాళ్లకు బాగా అర్థమవుతుంది. లూప్ టైప్ అంటే హార్ట్‌బీట్ లాంటిది: సిగ్నల్ ఆగిపోతే అలారం. ఎలుక వైరు కొరికినా, కనెక్టర్ ఊడినా లైట్ వస్తుంది. గ్రౌండ్ టైప్ అంటే ఎర్రర్ వస్తేనే మెసేజ్ పంపే సర్వీస్ లాంటిది: వైరు మధ్యలో తెగితే అసలు మెసేజే రాదు, అంతా బాగుందనే అనుకుంటాం. అందుకే గ్రౌండ్ టైప్ ఉన్న కారులో లైట్ రాలేదంటే ప్యాడ్ బాగుందని గ్యారంటీ లేదు.

మీ కారులో ఏది ఉందో ఎలా తెలుసుకోవాలి?

- ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. పసుపు రంగులో ఒక వృత్తం, దానికి రెండు పక్కలా చుక్కల గీతలు ఉన్న లైట్ ఒక్కసారి వెలిగి ఆరితే ప్యాడ్ సెన్సార్ ఉన్నట్టే. కొన్ని కార్లలో ముందు వెలగదు, కాబట్టి ఓనర్స్ మాన్యువల్‌లో కూడా చూడండి.
- చక్రం వెనక కాలిపర్ దగ్గర ఫ్లూయిడ్ గొట్టం కాకుండా ఇంకో సన్న వైరు ఏదైనా ప్యాడ్‌లోకి వెళ్తోందా చూడండి. ఏబీఎస్ వైరు వేరు, అది హబ్ దగ్గరికి పోతుంది. రెండింటినీ కలిపి చూడకండి.
- సెన్సార్ అన్ని చక్రాలకూ ఉండదు. చాలా బీఎండబ్ల్యూ మోడళ్లలో ముందు ఎడమ చక్రానికి ఒకటి, వెనక కుడి చక్రానికి ఒకటి ఉంటాయి. మిగతా రెండు చక్రాల సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

ఎర్ర రంగులో ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్న బ్రేక్ లైట్ వేరు. అది హ్యాండ్ బ్రేక్ వేసినప్పుడు, లేదా ఫ్లూయిడ్ తగ్గినప్పుడు వస్తుంది. కానీ ఇందులో ఒక కిటుకు ఉంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ పోతుంది, పైన డబ్బాలో లెవెల్ తగ్గుతుంది. అంటే ప్యాడ్ సెన్సార్ లేని కారులో కూడా ఫ్లూయిడ్ లెవెల్ ఒక పరోక్ష సెన్సార్ లాంటిదే. లెవెల్ తగ్గిందని చూడగానే ఫ్లూయిడ్ పోసేస్తే ఆ సూచనను మనమే చెరిపేసినట్టు. ముందు ప్యాడ్లు చూడండి, లీక్ ఉందేమో చూడండి, తర్వాతే పోయండి.

వైర్లు మెలేసి లైట్ ఆర్పేయడం: అసలు సమస్య ఇదే

మా బావ ఒక సెకండ్ హ్యాండ్ జర్మన్ సెడాన్ కొన్నాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా ప్యాడ్ లైట్ రాలేదు, స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. డిస్క్ దగ్గర శబ్దం వస్తోందని చక్రం విప్పితే లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లు కూడా లేదు. సెన్సార్ వైరు వెతికితే కాలిపర్ దాకా రానే లేదు. ఎవరో కనెక్టర్ దగ్గరే కత్తిరించి, రెండు వైర్లూ మెలేసి, నల్ల టేప్ చుట్టి పెట్టారు. ఏ గ్యారేజీలో ఎప్పుడు చేశారో తెలియదు. ఆ బండిలోనే ఏడాదంతా చుట్టాలను కొండకు తిప్పాడు.

ప్యాడ్లు మార్చడానికి వచ్చిన మా ఊరి మెకానిక్ అన్నను అడిగితే ఆయనకు ఆశ్చర్యం లేదు. "కస్టమర్ వచ్చి లైట్ ఆరిపోవాల అంటాడు తమ్ముడూ. కొత్త సెన్సార్ చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాల. రెండు రోజులు బండి ఆపమంటే ఒప్పుకోరు. ఇంగేం జేస్తారు, వైర్లు మెలేసి పంపిచ్చేస్తారు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. తప్పు ఒక్క మెకానిక్‌ది కాదు, "లైట్ ఆర్పండి" అని అడిగే మనది కూడా. లూప్ టైప్‌లో రెండు వైర్లు కలిపితే కంప్యూటర్‌కు సర్క్యూట్ ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది. గ్రౌండ్ టైప్‌లో వైరు కత్తిరించి వదిలేస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ ఫెయిల్ అవుతోందని, బగ్ వదిలేసి టెస్ట్‌ను కామెంట్ చేసి పడేయడం చూశారా? అచ్చం అదే. ఆ రోజు బిల్డ్ పచ్చగా వస్తుంది. తర్వాత ఎప్పుడు పగులుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. పైగా కారు చేతులు మారితే కొత్త ఓనర్‌కు ఆ విషయం చెప్పేవాళ్లే ఉండరు.

సెన్సార్ దొరకడానికి నిజంగానే టైమ్ పడితే? ప్యాడ్లు కొత్తవి వేసి, లైట్ వెలుగుతున్నా అలాగే నడపండి. ఆ లైట్ చూసినప్పుడల్లా సెన్సార్ ఆర్డర్ చేయాలని గుర్తొస్తుంది. ఇంకా మంచి పద్ధతి, ప్యాడ్లు కొనేటప్పుడే సెన్సార్ కూడా ఆర్డర్ పెట్టడం.

ప్యాడ్లతో పాటు సెన్సార్ మార్చే పద్ధతి

ముందుగా పార్ట్ చూసుకోండి. సెన్సార్ వైరు పొడవు, కనెక్టర్ ఆకారం మోడల్‌ను బట్టి మారతాయి. ముందుది, వెనకది కూడా వేరు. చాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తెలుసుకోవడం సేఫ్. కొన్ని ఫోక్స్‌వ్యాగన్, ఆడి ప్యాడ్లలో సెన్సార్ వైరు ప్యాడ్‌కే అతికించి వస్తుంది. అప్పుడు విడిగా కొనక్కర్లేదు, కానీ వైరు ఉన్న సెట్‌నే కొనాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్ని ప్యాడ్లకు సెన్సార్ దూర్చే గాడి ఉండదు, కొనేముందు ఫొటో జూమ్ చేసి చూడండి.

1. సమతల నేల మీద కారు ఆపి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కొంచెం వదులు చేయండి. జాకీతో ఎత్తి, స్టాండ్ మీద నిలపండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి పని చేయొద్దు. విప్పిన చక్రాన్ని కారు కింద పడుకోబెడితే ఇంకో రక్షణ.

2. ఏమీ విప్పకముందే ఫోన్‌తో ఫొటోలు, వీడియో తీయండి. సెన్సార్ వైరు ఏ క్లిప్పుల గుండా వెళ్తోందో క్లియర్‌గా కనబడాలి.

3. కాలిపర్ విప్పేముందే సెన్సార్ కనెక్టర్ ఊడదీయండి. ఇది మర్చిపోయి కాలిపర్ లాగితే వైరు తెగుతుంది. దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటే లాక్ నొక్కి నెమ్మదిగా తీయండి, వైరు పట్టుకుని లాగొద్దు.

4. కాలిపర్ బోల్టులు విప్పి, దాన్ని బైండింగ్ వైరుతో పైకి కట్టండి. ఫ్లూయిడ్ గొట్టం మీద వేలాడనివ్వొద్దు. పాత ప్యాడ్లు తీసి, లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి మందం పోల్చండి. రెండింటికీ బాగా తేడా ఉంటే స్లైడ్ పిన్ ఎక్కడో పట్టేస్తోందని అర్థం. అది సరిచేయకపోతే కొత్త ప్యాడ్లకూ అదే గతి.

5. దుమ్మును ఊదొద్దు, గాలి పంపు కొట్టొద్దు. మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

6. ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి, లెవెల్ చూస్తూ పిస్టన్‌ను సీ క్లాంప్‌తో నెమ్మదిగా వెనక్కి నెట్టండి. మధ్యలో ఎవరైనా ఫ్లూయిడ్ పోసి ఉంటే ఇప్పుడు పొంగుతుంది. ఆ ఫ్లూయిడ్ కారు పెయింట్ మీద పడితే పెయింట్ పాడవుతుంది.

7. వెనక చక్రాలైతే ఆగండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారులో పిస్టన్ వెనక మోటర్ ఉంటుంది. స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటర్‌ను వెనక్కి తిప్పకుండా క్లాంప్‌తో నెడితే ఆ మోటర్ మెకానిజం పాడవుతుంది. ఇంకొన్ని కార్లలో పిస్టన్‌ను నెట్టడం కాదు, తిప్పుతూ లోపలికి పంపాలి. దానికి టూల్ వేరే.

8. కొత్త ప్యాడ్‌లో సెన్సార్ దూర్చి క్లిప్ పడిందో లేదో చూడండి. ప్యాడ్లు ఎక్కించి, కాలిపర్ బిగించి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ పెట్టండి. వైరును పాత ఫొటో చూస్తూ అదే దారిలో పంపండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు టైరుకు గానీ డిస్క్‌కు గానీ తగలడం లేదని చూసుకోండి. కనెక్టర్ టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి.

9. బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్‌ను గట్టిపడేదాకా పంప్ చేయండి. ఇది మర్చిపోతే మొదటి బ్రేక్ పడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒక మోస్తరు స్పీడ్ నుంచి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు బ్రేక్ వేయండి. ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకుంటాయి. ప్యాడ్లు మార్చిన రోజే కొండకు బయల్దేరొద్దు.

పాత సెన్సార్ మళ్లీ వాడొచ్చా?

లైట్ రాకముందే ప్యాడ్లు మారిస్తే, సెన్సార్ కొన అరగకుండా ఉంటే టెక్నికల్‌గా వాడొచ్చు. కానీ వేడికి ప్లాస్టిక్ పెళుసుబారి, తీసేటప్పుడే విరిగిపోవడం చాలా మామూలు. డిస్క్‌ను ఒక్కసారి తాకినదైతే పారేయాల్సిందే. ప్యాడ్ల సెట్ ధరతో పోలిస్తే సెన్సార్‌ది చిన్న ఖర్చు. నేనైతే కొత్తదే వేయిస్తాను.

రీసెట్ చేసినా లైట్ ఆరలేదా? ఇలా డీబగ్ చేయండి

మామూలు లూప్ టైప్‌లో కొత్త సెన్సార్ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలాసార్లు లైట్ దానంతట అదే ఆరుతుంది. బీఎండబ్ల్యూ లాంటి కార్లలో సర్వీస్ మెనూలోకి వెళ్లి బ్రేక్ రీసెట్ చేయాలి. అక్కడ ముఖ్యమైన విషయం: సెన్సార్ సర్క్యూట్ బాగుంటేనే రీసెట్ తీసుకుంటుంది. రీసెట్ అవ్వట్లేదంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు వైరు చూడండి.

- మల్టీమీటర్‌ను కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి, ఊడదీసిన సెన్సార్ రెండు పిన్నుల మధ్య చూడండి. మంచి లూప్ సెన్సార్ అయితే బీప్ వస్తుంది. రెండు స్టేజ్‌ల సెన్సార్ అయితే ఓమ్స్ మోడ్‌లో కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి.
- గ్రౌండ్ టైప్ అయితే తిరకాసు: వైరుకూ కారు బాడీకీ మధ్య బీప్ రాకపోతేనే మంచిది.
- సెన్సార్ బాగుంటే కారు వైపు కనెక్టర్ చూడండి. వాన నీళ్లు పోయి పచ్చగా తుప్పు పట్టి ఉండొచ్చు.
- రెండో సెన్సార్ ఉందేమో చూడండి. ముందు ప్యాడ్లు మార్చాం, లైట్ వెనకదానికి వచ్చి ఉండొచ్చు.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

*ఓబీడీ డాంగిల్ పెడితే ఫోన్‌లో ప్యాడ్ శాతం కనిపిస్తుందా?*
చవక బ్లూటూత్ డాంగిల్, మామూలు యాప్‌తో కనిపించదు. ఓబీడీ-2 స్టాండర్డ్ పుట్టిందే ఇంజిన్ పొగ మీద నిఘా కోసం. బ్రేక్ డేటా కంపెనీ సొంత కోడ్స్‌లో ఉంటుంది, దానికి ఆ బ్రాండ్‌ను సపోర్ట్ చేసే స్కానర్ కావాలి. సెన్సారే లేని కారులో ఏ యాప్ చూపించినా నమ్మొద్దు.

*ఈవీలకు ప్యాడ్లు అరగవు కదా?*
రీజెనరేషన్ వల్ల చాలా తక్కువ అరుగుతాయి, నిజమే. కానీ బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు రీజెన్ సరిగా పనిచేయదు, ఆ ఎనర్జీ పెట్టుకునే చోటు ఉండదు. కొండ మీద 100 శాతం చార్జ్ చేసి దిగితే భారం మామూలు బ్రేకుల మీదే పడుతుంది. పైగా ఎక్కువ వాడకపోతే డిస్క్ తుప్పు పట్టి స్లైడ్ పిన్లు బిగుసుకుంటాయి.

*నాది బైక్. నాకేం పని?*
బైక్ ప్యాడ్లకు మధ్యలో సన్న గాడి ఉంటుంది. గాడి కనిపించకుండా పోతే ప్యాడ్ అయిపోయినట్టే. టార్చ్ వేసి చూస్తే పది సెకన్ల పని.

*వెనక డ్రమ్ బ్రేకులు ఉన్నాయి, వాటికి సెన్సార్ ఉంటుందా?*
మన హ్యాచ్‌బ్యాక్‌లలో సాధారణంగా ఉండదు. సర్వీస్‌లో డ్రమ్ విప్పి షూలు చూడమని అడగండి. అడగకపోతే విప్పకుండానే పంపేసే చోట్లు ఉన్నాయి.

చివరగా

ఇంత చదివాక గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఈ సెన్సార్ ఒక చక్రంలో, ఒక ప్యాడ్ గురించి, ఒకే ఒక్క బిట్ సమాచారం ఇస్తుంది. లైట్ వస్తే నమ్మండి. రాకపోతే మాత్రం దాని మీద ఆధారపడకండి.

కొత్త ప్యాడ్ మెటీరియల్ సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చేయాలి. ఘాట్ రోడ్డు మీద తరచూ తిరిగేవాళ్లు అంతదాకా కూడా ఆగకుండా ఉంటే మంచిది. ఫోన్‌లో ప్రతి 5000 కిలోమీటర్లకు ఒక రిమైండర్ పెట్టుకుని, నాలుగు చక్రాలూ చూసి, మందం ఎంతో నోట్స్‌లో రాసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే టెస్ట్ డ్రైవ్‌కు ముందు చక్రం వెనక టార్చ్ వేసి, ఆ సన్న వైరు ప్యాడ్ దాకా వెళ్తోందా, మధ్యలో ఎక్కడైనా నల్ల టేప్ చుట్టి ఉందా చూడండి. టేప్ కనిపిస్తే ధర గురించి మాట్లాడేముందు ప్యాడ్ల గురించి మాట్లాడండి.